ముళ్లెలుక బాధ్యత ఎవరిది? అధికారులకు, అమ్మేవారికి, కొనేవారికి ఒక బహిరంగ లేఖ

వన్యప్రాణుల రక్షణ, పశువైద్యం, నగర పాలన చూసే అధికారులకు. హైదరాబాద్‌లో పెంపుడు జంతువుల దుకాణాలు నడిపేవారికి. పిల్లల పుట్టినరోజుకి ఏదైనా కొత్త ప్రాణిని కొనిద్దామని చూస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఉప్పల్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఇళ్లలో పెంచుకోమని దుకాణాల్లో అమ్ముతున్న ముళ్లెలుక, అంటే హెడ్జ్‌హాగ్, సంగతి మీద ఇప్పటికే రెండు ఆఫీసుల మెట్లెక్కాను, మూడో చోట అర్జీ ఇచ్చాను. ఎక్కడా పని కాలేదు. అందుకే నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

ఈ ఏప్రిల్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం మా వాచ్‌మన్ వచ్చి బెల్లు కొట్టాడు. "మేడం, సెల్లార్ల ఏదుపంది పిల్ల జొచ్చింది. అందరు కొట్టమంటుండ్రు. మీరు జర చూస్తరా?" అన్నాడు. పాలమూరు మనిషి. ఊళ్లో ఏదుపందిని చూసినవాడే. నేను దిగేసరికి నలుగురు కుర్రాళ్లు చీపుర్లు, ఒక క్రికెట్ బ్యాటు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. కారు టైరు పక్కన బత్తాయి పండంత ముళ్ల ఉండ. దగ్గరికి వంగితే లోపల్నుంచి ఫుస్సు ఫుస్సుమని చప్పుడు. ఒక్కో ముల్లూ మొదట్లో తెల్లగా, నడుమ గోధుమరంగు పట్టీతో, కొసన మళ్లీ తెల్లగా ఉంది. పొడవు అంగుళం లేదు.

అది ఏదుపంది కాదు. ఏదుపంది ఎలుకల వంశానిది. గడ్డలూ వేళ్లూ కొరుక్కు తింటుంది, దాని ముళ్లు ఇట్టే ఊడి వస్తాయి. ఇది హెడ్జ్‌హాగ్. దీనికి చుట్టరికం ఎలుకతో కాదు, పురుగులు తినే చుంచుతో (ఇంగ్లీషులో ష్రూ). పేడపురుగులు, మిడతలు, వానపాములు ఏరుకు తింటుంది. బెదిరితే ఒంటి చుట్టూ ఉన్న కండరాన్ని సంచి మూతి తాడు లాగినట్టు బిగించి ఉండలా ముడుచుకుంటుంది. అంతకు మించి దానికి వేరే ఆయుధం లేదు.

చాటలోకి ఎత్తి పక్కన పెట్టించాను. అరగంటకి ముక్కు బయటికొచ్చింది. పక్కనే ఉన్న తోలు చెప్పుని వాసన చూసింది, నాకింది. నోట్లో నురుగు ఊరించుకుని, మెడ వెనక్కి తిప్పి, ఆ నురుగుని నాలుకతో తన ముళ్లకే పూసుకోవడం మొదలుపెట్టింది. "నురుగు కక్కుతోంది, రేబిస్!" అని ఒకాయన పిల్లల్ని లిఫ్టులోకి తోసేశాడు. కొత్త వాసన తగిలితే ఈ జాతి చేసే పనే అది. ఎందుకు చేస్తుందో శాస్త్రజ్ఞులే ఇంకా తేల్చలేదు. ఆ ముక్క చెప్పడానికి నేను అక్కడ లేకపోతే బ్యాటు లేచేదే.

నా తప్పు కూడా చెప్పాలి. ఆ సాయంత్రం పాపం ఆకలిగా ఉందని సాసర్లో పాలు పోశాను. పాలలోని లాక్టోజు దానికి అరగదు. తెల్లారేసరికి చాటంతా విరేచనం. అన్నేళ్లు క్షీరదాల పాఠం చెప్పినదాన్ని నేనే ఇలా చేస్తే, యూట్యూబ్ చూసి కొన్నవాళ్ల మాట చెప్పేదేముంది?

రెండు రోజులకి సంగతి బయటపడింది. మా బిల్డింగ్‌లోనే మూడో అంతస్తులో ఏడో తరగతి చదివే బాబు కోసం నగరంలోని ఒక దుకాణంలో పన్నెండు వేలు పోసి కొన్నారట. బిల్లు చూపించారు. "స్మాల్ పెట్ – 1" అని రాసి ఉంది, అంతే. ఏ జంతువు, ఏ దేశపుది, ఏం పెట్టాలి, ఒక్క ముక్క లేదు. రాత్రంతా బోనులో చక్రం తిప్పుతూ నిద్ర పోనివ్వడం లేదని వాళ్ల నాన్న ఒకనాటి రాత్రి మెట్ల కింద వదిలేశాడు. "ఎలుకలాంటిదే కదాంటీ, ఎలాగో బతికిపోతుందనుకున్నా" అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆయనకి చెప్పినవాళ్లే లేరు. బాబు మాత్రం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్కణ్నుంచి నా తిరుగుడు మొదలైంది. ఒక కార్యాలయంలో "ఇది విదేశీ జంతువమ్మా, మా పరిధి కాదు, పశువుల డాక్టర్లని అడగండి" అన్నారు. ఇంకోచోట "ముళ్లున్నదంటే అడవి జంతువే, మేం ముట్టుకుంటే మా మీదే కేసవుద్ది" అన్నారు. మూడో చోట రాసివ్వమన్నారు. తెలుగులో ఇంకో మాట తోచక "ముళ్లపంది వంటి జంతువు" అని రాసిచ్చాను. నలభై రోజుల తర్వాత జవాబొచ్చింది: అడవి పందుల వల్ల జరిగిన పంట నష్టానికి పరిహారం కోరేవారు పట్టాదారు పాసు పుస్తకం నకలు జతచేయవలెను. నాకు పొలం లేదు, పంట లేదు, పంది అసలే లేదు. ఇంట్లో అందరూ పడిపడి నవ్వారు. నాకు మాత్రం అసలు చిక్కంతా ఆ జవాబులోనే కనిపించింది. పేరు లేని జంతువుకి ఫైలు ఎక్కడ తెరుస్తారు?

ఇక చట్టం సంగతి. మన దేశంలో సొంత ముళ్లెలుకలు మూడు రకాలున్నాయి. రెండు రాజస్థాన్, గుజరాత్ వైపు పొడి నేలల్లో బతికేవి. మూడోది మన దక్షిణాదిది, ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది. దాన్ని మద్రాసు ముళ్లెలుక అంటారు. 1851లోనే శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కేరళల్లోని ముళ్లపొదలు, చిట్టడవులు, మెట్టపొలాలు దాని ఇల్లు. మా నాన్నమ్మది కుప్పం దగ్గర పల్లె. చిన్నప్పుడు వేరుశనగ చేలో లాంతరు వెలుగులో ఒకసారి చూశాను. అక్కడ ముళ్లెలుక అనేవాళ్లు, ఆ పేరే ఇక్కడ వాడుతున్నాను. సరిహద్దుకి అవతల తమిళ పల్లెల్లో దాని ముళ్లు కాల్చి, తేనెలో కలిపి, పిల్లలకి దగ్గు మందుగా నాకించేవాళ్లు. అలా చచ్చినవి ఎన్నో. రోడ్ల మీద నలిగినవి ఇంకెన్నో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటికి రక్షణ ఉంది. పట్టుకోవడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది.

దుకాణాల్లో అమ్మేది అది కాదు. అది ఆఫ్రికా పొట్టి ముళ్లెలుక. సహారా ఎడారికి దిగువన సెనెగల్ నుంచి తూర్పు ఆఫ్రికా దాకా ఉండే జాతి. మన వన్యప్రాణుల జాబితాలో ఉండదు, ఉండకూడదు కూడా. సరే, మరి విదేశీ జంతువుల నిబంధనలకైనా లొంగాలి కదా? అసలు సందు అక్కడే ఉంది. విదేశీ జంతువులు ఇంట్లో ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా చెప్పుకోవాలని కేంద్రం 2020లో ఒక అవకాశం ఇచ్చింది. 2024లో పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి చేసింది. రెండూ జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న జాతులకే. ఆఫ్రికా ముళ్లెలుక ఆ జాబితాల్లో లేదు. కాబట్టి మకావ్ లాంటి విదేశీ చిలకని పెంచుకునేవాడు నమోదు చేయించుకోవాలి, ముళ్లెలుకని పెంచుకునేవాడికి ఆ బాధ లేదు. మన చట్టానికి అది పరాయిది, బయటి ఒప్పందానికి అది లెక్కలోనిది కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

"చిన్న ప్రాణి, దీనికింత గోలెందుకు?" అని ఒక అధికారి మంచిగానే అడిగారు. ఆయనకి అప్పుడు చెప్పలేకపోయినవి ఇవి.

1. పిల్లల ఆరోగ్యం. ఈ జంతువు చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, పేగుల్లో మాత్రం విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. పెంపుడు ముళ్లెలుకల వల్ల మనుషులకి సాల్మొనెల్లా సోకిందని అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2019లోనూ, 2020లోనూ ప్రకటించింది. ముద్దు పెట్టుకోవద్దు, ముఖానికి ఆనించుకోవద్దు, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు అని చెప్పింది. మా మూడో అంతస్తులో ఆ గిన్నె వంటింటి సింకులోనే కడిగేవాళ్లు. దీని ముళ్ల నుంచి అంటుకునే ప్రత్యేకమైన తామర కూడా ఒకటుంది. తామర వచ్చిన పిల్లవాణ్ని చూసి చర్మం డాక్టరు "ఇంట్లో కుక్క ఉందా, పిల్లి ఉందా?" అని అడుగుతాడు. ముళ్లెలుక ఉందా అని ఏ డాక్టరూ అడగడు.

2. మన ఎండ, మన చలి. దీనికి సుమారు 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్‌లో మే నెల 40 దాటుతుంది. వేడెక్కితే కాళ్లు చాపుకుని బోర్లా పడిపోతుంది. డిసెంబరు రాత్రి బాల్కనీలో వదిలితే ఒళ్లు చల్లబడి కదలకుండా ఉంటుంది. చచ్చిపోయిందనుకుని పారేస్తారు, నిజానికి అప్పటికి బతికే ఉంటుంది. ఏసీ లేని ఇల్లు, కరెంటు పోయే గల్లీ, వీటిలో దీన్ని పెంచడం కుదరని పని. అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

3. వైద్యం. ముట్టుకుంటే ఉండ చుట్టుకునే జంతువుని పరీక్ష చేయాలంటే తరచుగా మత్తు ఇవ్వాలి. బర్రెలు, మేకలు, కుక్కలు చూసే మన డాక్టర్లని తప్పుపట్టలేం, వాళ్లు చదివింది అది కాదు. చూడగలిగినవాళ్లు నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఫీజు సామాన్యుడికి అందదు. ఇవి సాధారణంగా నాలుగైదేళ్లు బతుకుతాయి. వీటిలో కొన్నిటికి వంశపారంపర్యంగా వస్తుందని భావించే ఒక నరాల జబ్బు ఉంది. వెనక కాళ్లు తూలడంతో మొదలై ఒళ్లంతా పడిపోతుంది, మందు లేదు. పుట్టినరోజు కానుకకి ఇది తగునా?

4. వదిలేస్తే జరిగేది. దీని మీద కాస్త ఎక్కువే రాయనివ్వండి. యూరప్ ముళ్లెలుకని 1870ల నుంచి బ్రిటిష్ వలసవాళ్లు న్యూజిలాండ్ తీసుకెళ్లారు. మొదట సొంతూరి గుర్తుగా, తర్వాత తోట పురుగులు తింటుందని. నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, బల్లులు, అక్కడి పెద్ద మిడతలాంటి వేటా పురుగులు, అన్నీ తింటోంది. ఒక్క ముళ్లెలుక పొట్టలో 283 వేటా కాళ్లు దొరికాయి. స్కాట్లండ్ పక్కన సౌత్ యుయిస్ట్ అనే దీవిలో 1974లో తోటలో నత్తలు తింటాయని ఎవరో నాలుగు తెచ్చి వదిలారు. అవి వేలకి వేలయ్యాయి. తీరంలో గుడ్లు పెట్టే పక్షులు తగ్గిపోయాయి. 2003లో ప్రభుత్వం చంపడం మొదలుపెట్టింది. జనం గొడవ చేస్తే 2007లో ఆపి, పట్టి పెద్ద భూభాగానికి తరలించడం మొదలుపెట్టారు. అదే ముళ్లెలుక తన సొంత గడ్డ బ్రిటన్‌లో తగ్గిపోయి, 2020లో ముప్పులో ఉన్న జంతువుల ఎర్ర జాబితాకెక్కింది. ఉండాల్సిన చోట కరువు, ఉండకూడని చోట బెడద. జంతువు ఒకటే.

ఆఫ్రికా ముళ్లెలుకలు రేపే నగరమంతా నిండిపోతాయని నేను బెదిరించడం లేదు. కానీ అక్వేరియంలో పెంచి చెరువులో పారేసిన రాక్షస చేప మన వైపు మత్స్యకారుల వలలు చింపడం చూశాం. దాని జాడ నీటిలోని డీఎన్ఏని బట్టి పట్టే పనిలో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులే ఉన్నారు. అమ్మినవాడు, వదిలినవాడు ఇద్దరూ ఇంట్లో హాయిగా ఉన్నారు. చినిగిన వలకి డబ్బు పెట్టుకునేది బెస్తవాడు. మా కాలనీ పక్క ఖాళీ ప్లాట్లలో కంకర మధ్య తీతువు గుడ్లు పెడుతుంది. నేను ఎండలో గొడుగేసుకుని వెళ్లి చూసే పక్షి అది. దాని గుడ్ల గురించే నా భయం.

5. మన ముళ్లెలుకకి ముప్పు. విదేశీదానికి అడ్డూ అదుపూ లేని గిరాకీ ఉంటే, మెట్టపొలంలో ఉచితంగా దొరికేదాన్ని పట్టుకొచ్చి "ఇంపోర్టెడ్" అని అంటగట్టేవాడు పుడతాడు. బిల్లు మీద "స్మాల్ పెట్" అని ఉంటే ఎవరు పట్టుకోగలరు? తమిళనాడు ప్రభుత్వం మద్రాసు ముళ్లెలుక కోసం ప్రత్యేకంగా నిధులు కేటాయించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో దానికి సరైన పేరు కూడా లేదు. నిఘంటువుల్లో చూస్తే హెడ్జ్‌హాగ్ అన్నా ముళ్లపందే, పోర్క్యుపైన్ అన్నా ముళ్లపందే. ఆ ఫలితం నాకొచ్చిన జవాబులో చూశారు.

ఇక అడగవలసినవి. కొత్త చట్టాలు అడగడం లేదు, చాలావరకు ఉన్నవే అమలు చేయమంటున్నాను.

మొదటిది, ముళ్లెలుక దొరికిందని ఎవరైనా ఫోను చేస్తే ఎవరు వచ్చి తీసుకెళ్లాలో వన్యప్రాణుల శాఖ, పశువైద్య శాఖ రెండూ కూర్చుని ఒక్క కాగితం మీద రాయండి. మనదా, పరాయిదా అన్నది తీసుకెళ్లాక తేల్చుకోవచ్చు. తేల్చడం కష్టం కూడా కాదు. ఆఫ్రికాదానికి వెనక కాలికి నాలుగే వేళ్లు, పొట్ట నిండా తెల్లటి మెత్తటి వెంట్రుకలు. మద్రాసు ముళ్లెలుకకి పొట్ట దాదాపు బోసిగా ఉంటుంది. దాని శాస్త్రీయ నామానికి అర్థమే "బోడి పొట్టది". గార్డుకి ఒక పూట శిక్షణ చాలు. అనుమానం ఉంటే అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఉంది. దేశం నలుమూలల నుంచీ వన్యప్రాణి కేసుల్లో నమూనాలు డీఎన్ఏ పరీక్షకి అక్కడికే వస్తాయి. మనకి అది ఊళ్లోనే ఉంది.

రెండోది, 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కాకుండా దుకాణం నడపకూడదు, కొన్నవీ అమ్మినవీ లెక్క రాయాలి. నగరంలో ఏయే దుకాణాలు రిజిస్టరయ్యాయో ఆ జాబితా జనానికి కనబడేలా పెట్టండి. ముళ్లెలుక అమ్మితే బిల్లు మీద జాతి పేరు, ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర కొన్నారు అన్నవి ఉండాలని ఆదేశించండి. విదేశాల నుంచి వచ్చే జంతువులకి క్వారంటైన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. నిజంగా దిగుమతైనదే అయితే కాగితాలు ఉంటాయి. ఇక్కడే పుట్టిందంటే తల్లిదండ్రుల కాగితాలు అడగండి.

మూడోది, 2022లో వన్యప్రాణి చట్టానికి చేర్చిన 62ఏ సెక్షను. వన్యప్రాణులకి ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, పెంపకాన్ని అదుపు చేసే అధికారం కేంద్రానికి దాని కింద ఉంది. సైటిస్‌లో లేకపోయినా అమ్ముడుపోతున్న జంతువులని ఆ సెక్షను కింద పరిశీలించమని, అప్పటిదాకా కనీసం నమోదునైనా తప్పనిసరి చేయమని రాష్ట్రం తరఫున ఒక ఉత్తరం రాయండి. కాలిఫోర్నియాలో, న్యూయార్క్ నగరంలో వీటిని పెంచుకోవడమే నిషేధం. అంత దూరం వెళ్లమని నేను అనడం లేదు.

నాలుగోది, దయచేసి పిల్లల ఇళ్ల మీద దాడులు చేయొద్దు. దాడి మొదలైందని తెలిసిన రాత్రే నగరంలోని ముళ్లెలుకలన్నీ చెత్తకుండీల పక్కన ఉంటాయి. ఉంచుకోలేనివాళ్లు పేరు చెప్పకుండా అప్పగించే ఒక చోటు చూపించండి.

అయిదోది చిన్నది, ఖర్చు లేనిది. ప్రభుత్వ కాగితాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఏదుపందికి ఏదుపంది అని, హెడ్జ్‌హాగ్‌కి ముళ్లెలుక అని రాయండి. వేరే మంచి మాట ఉంటే అదే పెట్టండి, నాకు పట్టింపు లేదు. పంది అన్న మాట మాత్రం తీసేయండి.

దుకాణదారులకి ఒక్కటే మాట. మీ పొట్ట కొట్టాలని నాకు లేదు. కొన్నవాడికి తెలుగులో ఒక పేజీ రాసివ్వండి. ఎంత వేడి ఉండాలి, పాలు పోయొద్దు, రాత్రంతా మేలుకుంటుంది, పిల్లలు చేతులు కడుక్కోవాలి, ఏ డాక్టరు చూస్తాడు. ఆ పేజీ చదివి సగం మంది కొనరని మీకూ తెలుసు, అందుకే ఇవ్వడం లేదని నా అనుమానం.

తల్లిదండ్రులకి: పిల్లవాడు పగలు ఆడుకోవాలనుకుంటాడు, ఇది పగలంతా పడుకుంటుంది. ఒడిలోకి తీసుకోవాలనుకుంటాడు, ఇది ముడుచుకుంటుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే బాగా చూసుకోండి. చేతకాకపోతే ఎవరికైనా అప్పగించండి, మెట్ల కింద మాత్రం వదలొద్దు.

ఈ లేఖ రాసేనాటికి ఆ ముళ్లెలుక మా ఇంట్లోనే ఉంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పాత నూలు చీర ముక్కలు పరిచి, ఏసీ గదిలో పెట్టాను. ఉడకబెట్టిన కోడిమాంసం, వాచ్‌మన్ పట్టుకొచ్చే మిడతలు తింటోంది. వెనక కాలి వేళ్లు లెక్కపెట్టాను, నాలుగే. కరెంటు బిల్లు రెట్టింపయ్యింది. ఇది నా దగ్గర ఉండటం నేరమో కాదో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను, ఎవరూ చెప్పలేదు. ఏ శాఖవారు వచ్చినా అభ్యంతరం లేకుండా అప్పగిస్తాను. పగలు వస్తే నిద్రలో ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక రండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాద్